మూసేసిన రెండు కార్డులు

2022 జూన్‌లో నన్ను మా బ్యాంకు శంషాబాద్ శాఖకు రుణాల అధికారిగా బదిలీ చేశారు. విరమణకు అప్పటికి రెండేళ్లు మిగిలి ఉన్నాయి. క్లర్కుగా చేరి, శాఖాపరమైన పరీక్షలు రాసి అధికారినై, స్కేల్ టూ దగ్గర ఆగిపోయినదాన్ని నేను. ఈ స్కేళ్ల సంగతి బయటివాళ్లకు అంతగా తెలియదు. బ్యాంకు అధికారి హోదా స్కేల్ వన్‌తో మొదలవుతుంది. స్కేల్ త్రీ వస్తే శంషాబాద్ లాంటి ఓ మోస్తరు పెద్ద శాఖకు మేనేజరు కావచ్చు. ఆ ఇంటర్వ్యూకు నేను పలుమార్లు వెళ్లాను. ఆఖరుసారి నా పక్క కుర్చీలో కూర్చుని తన పిలుపు కోసం ఎదురుచూసిన అమ్మాయి శిరీష. ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. నేను శంషాబాద్‌లో చేరిన ఉదయం మేనేజరు గదిలో కూర్చుని నా జాయినింగ్ రిపోర్టు మీద సంతకం చేసింది ఆమే.

శిరీషది భీమవరం వైపు. నేరుగా అధికారిగా ఎంపికై వచ్చిన మనిషి. నాకంటే ఇరవై ఏళ్లకు పైగా చిన్నది. నన్ను “మేడం” అనేది, నేనూ ఆమెను “మేడం” అనేదాన్ని. ఒకే గదిలో ఇద్దరు మేడంలు ఉంటే ఎవరిని పిలిచినా ఇద్దరం తలెత్తేవాళ్లం. అయితే కొద్దిరోజుల్లోనే నాకు అర్థమైంది, ఖాతాదారులు పిలిచేది నన్ను కాదని.

మా శాఖకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది విమానాశ్రయాన్ని నమ్ముకుని బతికేవాళ్లు. క్యాబులు నడిపేవాళ్లు, కార్గోలో పనిచేసేవాళ్లు, లాడ్జీల యజమానులు, భూములు పోగా మిగిలిన రెండు మూడెకరాల్లో కూరగాయలు వేసే చుట్టుపక్కల ఊళ్ల రైతులు. నాది చేవెళ్ల వైపు. వాళ్ల మాటే నా మాట, వాళ్ల తిండే నా తిండి. వాళ్లు నాకు దగ్గర కావాలి, ‘అండీ, అండీ’ అంటూ మాట్లాడే ఆమెకు కాదు. కానీ జరిగింది వేరు. ఆమె అందరి పేర్లూ గుర్తుపెట్టుకునేది. ఎవరి కొడుకు ఐటీఐలో ఏ ట్రేడు చదువుతున్నాడో, ఎవరి అత్తకు మోకాలి ఆపరేషను అయిందో అడిగేది. సీతాఫలాల కాలం వచ్చేసరికి ఆమె బల్ల కింద సంచులు పేరుకునేవి. సాయంత్రం అందరికీ పంచేది. నా వంతు నేనూ తీసుకుని ఇంటికి పట్టుకెళ్లేదాన్ని. తింటుంటే తియ్యగానే ఉండేవి. నాకిచ్చినవి కావని మాత్రం మనసులోంచి పోయేది కాదు.

రుణాల పని నాకు బాగా వచ్చు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ ప్రాంతంలో నాతో పనిచేసిన వాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు. ఒక మనిషి ఆదాయం, అప్పులు, అలవాట్లు చూసి, ఇతనికి ఇవ్వొచ్చా, ఎంత ఇవ్వొచ్చు అని తేల్చే పనిలో నా సగం జీవితం గడిచింది. శిరీషకు డిపాజిట్లు, ఖాతాదారుల సంబంధాలు బాగా తెలుసు. రుణాల్లో ఆమెకు అనుభవం తక్కువ. ఈ మాట నేను పైకి ఎప్పుడూ అనలేదు గానీ, రోజుకు ఒకసారైనా మనసులో అనుకునేదాన్ని.

ఆ ఆగస్టులో బల్‌రాజ్ అనే అతను, అతని భార్య పద్మ శాఖకు వచ్చారు. వాళ్లది పాల్మాకుల. రెండు క్యాబులు విమానాశ్రయానికి తిప్పుతాడు. ఒకటి తను నడుపుతాడు, ఒకటి డ్రైవరుకు ఇచ్చాడు. పద్మ ఇంటిముందు చిన్న కిరాణా కొట్టు నడుపుతుంది. ఆ రోజు నేను శాఖలో లేను. గగన్‌పహాడ్‌లో మా దగ్గర అప్పు తీసుకున్న ఒక ప్లాస్టిక్ పైపుల కర్మాగారానికి సరుకు తనిఖీకి వెళ్లాను. తాకట్టులో చూపిన సరుకు నిజంగా గోదాములో ఉందో లేదో లెక్క చూసే పని అది. దుమ్ముకొట్టుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను. బల్‌రాజ్ వచ్చిన సంగతి నాకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ అప్పటికి లేదు.

తరువాత తెలిసిందేమిటంటే, బల్‌రాజ్ వచ్చింది అప్పు కోసం కాదు, తన బామ్మర్ది మీద కడుపుమంటతో. పద్మ తమ్ముడు శ్రీను షాద్‌నగర్‌లో ఉంటాడు. అంతకుముందు ఏడాది ఫ్యాక్టరీ కార్మికులను తీసుకెళ్లే మినీబస్సు కొన్నాడు. మరో బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు దొరికిందట. ఒక పెళ్లిలో అందరూ కూర్చుని భోంచేస్తుంటే శ్రీను తన ఫోను తీసి క్రెడిట్ స్కోరు చూపించాడు. ఏడు వందల తొంభై. బల్‌రాజ్ అక్కడే తన ఫోనులో చూసుకున్నాడు. ఏడు వందల యాభై.

క్రెడిట్ స్కోరు అంటే మనం అప్పులు, కార్డులు ఎలా వాడామో, ఎలా కట్టామో చూసి రుణ చరిత్ర సంస్థలు వేసే ఒక అంకె. మూడు వందల నుంచి తొమ్మిది వందల మధ్య ఉంటుంది. ఏడు వందల యాభై అంటే మంచి స్కోరే. ఆ అంకెతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. కానీ బామ్మర్ది అంకె పక్కన పెట్టి చూస్తే అది బల్‌రాజ్‌కు చిన్నదిగా కనబడింది.

“మా తమ్మునికి ఎక్కువ ఉందని ఈయనకు నిద్ర పడ్తలేదు మేడం,” అని పద్మ శిరీషతో నవ్వుతూనే చెప్పిందట. “రోజుకు పదిసార్లు ఆ ఫోన్ల చూస్కుంటున్నడు.”

స్కోరు పెంచుకోవడం ఎలా అని బల్‌రాజ్ అడిగాడు. అతని దగ్గర మూడు క్రెడిట్ కార్డులు ఉన్నాయి. ఒకటి చాలా పాతది, లక్షన్నర పరిమితి. రెండోది పెట్రోలు బంకు దగ్గర ఎవరో ఫారం నింపించి ఇప్పించినది, లక్ష పరిమితి. ఆ రెండూ ఎన్నో ఏళ్లుగా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మూడోదాని పరిమితి అరవై వేలు. క్యాబులకు డీజిలు పోయించేది దాంతోనే. నెలకు నలభై వేల దాకా అయ్యేది, బిల్లు రాగానే మొత్తం కట్టేసేవాడు. శిరీష అన్నీ విని, వాడని కార్డులు ఎందుకండీ ఉంచుకోవడం, మూసేయండి, మీ పేరు మీద అన్ని కార్డులు కనబడకుండా శుభ్రంగా ఉంటుంది అని చెప్పింది. అలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, బ్యాంకు ఉద్యోగుల్లోనూ ఉన్నారు. బల్‌రాజ్ ఆ వారంలోనే రెండు కార్డులూ మూయించేశాడు. పద్మ కత్తెర తీసుకుని వాటిని ముక్కలు చేసింది.

సెప్టెంబరు సగం గడిచాక అతను మళ్లీ వచ్చాడు. ఈసారి నిజంగానే అప్పు కావాలి. విమానాశ్రయంలో సామాను ఎక్కించి దించే పనులు చేసే ఒక కంపెనీ తన కార్మికులను షిఫ్టులకు తెచ్చి దింపే కాంట్రాక్టు అతనికి ఇవ్వడానికి ఒప్పుకుంది. నవంబరు ఒకటి నుంచి రెండు మినీబస్సులు నడపాలి. ఆ తేదీకి బస్సులు చూపించకపోతే కాంట్రాక్టు వరుసలో ఉన్న రెండో మనిషికి పోతుంది. ఆ రెండో మనిషి ఎవరో కాదు, శ్రీనే. బల్‌రాజ్ అప్పటికే ఒక క్యాబు అమ్మి, బస్సుల డీలరుకు బయానా ఇచ్చేశాడు.

దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. కాంట్రాక్టు పత్రం, ఆదాయపు పన్ను రిటర్నులు, డీలరు కొటేషను అన్నీ సక్రమంగా ఉన్నాయి. నియమం ప్రకారం అతని రుణ చరిత్ర నివేదిక తెప్పించాను. స్కోరు ఏడు వందల ఏడు.

మా బ్యాంకులో ఇలాంటి వాహన రుణాలకు అప్పట్లో ఏడు వందల ముప్పై అనేది ఒక గీత. దానిపైన ఉంటే శాఖ మేనేజరే మంజూరు చేయవచ్చు, వడ్డీ కూడా తక్కువ. కింద ఉంటే ఫైలు ప్రాంతీయ కార్యాలయానికి పోవాలి. అక్కడ వారాలు పడుతుంది, వడ్డీ ఎక్కువ పడుతుంది, ఫైలు నామంజూరై తిరిగి రావచ్చు కూడా. నవంబరు ఒకటికి బస్సులు రావాలంటే ఆ దారి పనికిరాదు.

నివేదిక చదివితే కారణం వెంటనే కనబడింది. ఎక్కడా ఒక్క వాయిదా తప్పలేదు. మారింది ఒక్కటే, రెండు కార్డులు మూతపడ్డాయి. ఇక్కడ చదివేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. స్కోరు వేసేవాళ్లు మనకు మొత్తం ఎంత పరిమితి ఉంది, అందులో ఎంత వాడాం అని చూస్తారు. బల్‌రాజ్‌కు అంతకుముందు మూడు కార్డులూ కలిపి మూడు లక్షల పదివేల పరిమితి. అందులో నలభై వేలు వాడితే ఎనిమిదో వంతు. రెండు కార్డులు పోయాక మిగిలిన పరిమితి అరవై వేలు. అదే నలభై వేలు ఇప్పుడు మూడింట రెండు వంతులు. మనిషి మారలేదు, డీజిలు ఖర్చు మారలేదు, కట్టే పద్ధతి మారలేదు. కానీ దూరం నుంచి చూసేవాడికి, ఇతను చేతిలో ఉన్నదంతా వాడేసుకుంటున్నాడు, ఇబ్బందుల్లో ఉన్నాడేమో అనిపిస్తుంది. పాత కార్డు మూస్తే దాని చరిత్ర అంతా ఆ రోజే చెరిగిపోతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు, మూసిన ఖాతా కూడా నివేదికలో కొన్నేళ్లు కనబడుతుంది. దెబ్బ తగిలింది పరిమితి దగ్గర.

కార్డులు ఎందుకు మూశావని బల్‌రాజ్‌ను ఫోనులో అడిగాను. శిరీష మేడం చెప్పిందన్నాడు.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం. ఇంకో పేరు పెట్టలేను. ఫోను పెట్టేసి, నివేదికను రెండు కాపీలు తీశాను, ఒకటి నాకు, ఒకటి ఆమెకు. ఆమె గదిలోకి వెళ్లి ఏం చెప్పాలో వాక్యాలు కూడా పేర్చుకున్నాను. గొంతు పెంచకూడదు. నెమ్మదిగా, ఒక్కో అంకె వివరించాలి. ఇంటర్వ్యూ రోజున లోపల కూర్చున్న పెద్దలు చూడవలసిన దృశ్యం ఇది అనుకున్నాను.

శిరీష నివేదిక చూసింది. నేను వివరించడం మొదలుపెట్టి పరిమితుల దగ్గరికి వచ్చేసరికే చెయ్యి ఎత్తి ఆపింది.

“నేనే చెప్పానండి వాళ్లకి మూసేయమని,” అంది. ముఖం పాలిపోయింది. “నాకు తెలియక చెప్పాను. తెలియదని కూడా తెలియలేదు. ఇప్పుడేం చేద్దాం మేడం? మీకేమైనా దారి కనబడుతోందా?”

నేను పేర్చుకున్న వాక్యాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాదిస్తుందనుకున్నాను, సమర్థించుకుంటుందనుకున్నాను. ఆమె అవేవీ చేయకుండా కుర్చీ ముందుకు జరుపుకుని పెన్ను తీసుకుంది. నేను దారి చెప్పక తప్పలేదు.

దారి ఉంది. కార్డు కంపెనీ రుణ చరిత్ర సంస్థకు పంపేది బిల్లు తయారైన రోజున ఉన్న బాకీని. గడువులోగా మొత్తం కట్టినా, బిల్లులో నలభై వేలు కనబడితే నలభై వేలు వాడినట్టే లెక్క. కాబట్టి బిల్లు తయారుకాకముందే బాకీ కట్టేయాలి. ఆ నెల మిగిలిన రోజులు డీజిలు డెబిట్ కార్డుతో పోయించుకోవాలి. అప్పుడు బిల్లులో దాదాపు ఏమీ ఉండదు. ఆ సమాచారం అప్పట్లో నెలకోసారే వెళ్లేది. దసరా పోయాక నివేదికలో ఎక్కుతుంది. ఈలోగా మిగతా పరిశీలన అంతా పూర్తిచేసి ఉంచుకుంటే, స్కోరు గీత దాటిన రోజే మంజూరు చేయవచ్చు. ఇంకో జాగ్రత్త, ఈ మధ్యలో ఎక్కడా కొత్త అప్పుకు గానీ కార్డుకు గానీ దరఖాస్తు పెట్టకూడదు. ప్రతి దరఖాస్తుకూ అప్పిచ్చే సంస్థ చేసిన విచారణ ఒకటి నివేదికలో నమోదవుతుంది, అది స్కోరును కొంత తగ్గిస్తుంది. మనిషి తన స్కోరు తానే చూసుకుంటే మాత్రం ఏమీ కాదు.

శిరీష అంతా రాసుకుంది. మరునాడు దంపతులను పిలిపించింది.

పద్మ, బల్‌రాజ్ ఆమె ఎదురుగా కూర్చున్నారు. నేను పక్క కుర్చీలో ఉన్నాను. స్కోరు పడిపోయిన సంగతి, కారణం ఆమె చెప్పడం మొదలుపెట్టగానే బల్‌రాజ్ నా వైపు తిరిగాడు.

“ఏంది మేడం గిది? మీరు పెద్దోళ్లు. లోన్ల పని అంత మీకే ఎర్కనంటరు. అప్పుడే జర చెప్పకపోతిరి?”

“మేడం ఆ రోజు శాఖలో లేరు బల్‌రాజ్ గారూ,” అంది శిరీష. “మూయమని చెప్పింది నేను. అది తప్పు సలహా. నా వల్లే మీకు ఈ ఇబ్బంది వచ్చింది. దీనికి దారి చూపిస్తున్నది మాత్రం మేడమే.”

పద్మ భర్తను చూసి, శిరీషను చూసింది.

“పోనీ మేడం,” అన్నాడు బల్‌రాజ్. “మీరు మా మంచికే చెప్పిన్రు గదా. ఎవరికైనా అయితది.”

తప్పు చెప్పిన మనిషికి ఆ ఊరడింపు, ఆ రోజు శాఖలోనే లేని నాకు ఆ నిలదీత. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఆరాంఘర్ దాకా ఇదే ఆలోచించాను. నేనే గనక తప్పు సలహా ఇచ్చి ఉంటే బల్‌రాజ్ ఆ మాట అనేవాడా? అనేవాడు కాదని నాకు తెలుసు.

మేం చెప్పినట్టే బల్‌రాజ్ బిల్లు కంటే ముందు బాకీ కట్టేశాడు. కొట్టు డబ్బులు కూడా అందులో పోయాయని పద్మ తరువాత చెప్పింది. నేను డీలరు దగ్గరికి వెళ్లి బస్సుల వివరాలు సరిచూశాను, కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీతో మాట్లాడాను, ఆదాయ లెక్కలు వేశాను. మంజూరుకు కావలసిన ప్రాసెస్ నోట్, అంటే దరఖాస్తుదారు గురించి రుణాల అధికారి రాసే పరిశీలన, మొత్తం సిద్ధంచేసి స్కోరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచాను.

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం శిరీష తన ఫోను చేత్తో పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. “పద్మగారండీ. మీరే మాట్లాడాలి.”

పద్మ గొంతులో ఆదుర్దా వినబడింది. విమానాశ్రయంలో క్యాబులు ఆగేచోట కార్డులు అమ్మే కుర్రాళ్లు తిరుగుతుంటారు. వాళ్లలో ఒకతను, పోయిన పరిమితి మళ్లీ వస్తుంది, రెండు కార్డులు తీసుకోండి అని బల్‌రాజ్‌ను ఒప్పించాడట. పోయిందేదో దానితోనే తిరిగొస్తుందని బల్‌రాజ్‌కు తోచింది. ఫారాలు నింపుతున్నాడు, సంతకం ఒక్కటే తక్కువ.

“ఆపమను పద్మా,” అన్నాను. “ఒక్క సంతకం కూడ పెట్టొద్దు. గిప్పుడు కొత్త కార్డు అడిగితే ఉన్నది కూడ తగ్గుతది. మీ ఆయనకు ఫోనియ్యి.”

బల్‌రాజ్ లైనులోకి వచ్చాడు. నేను చెప్పిందంతా విన్నాడు. విని, “శిరీష మేడం గూడ గట్లనే అన్నదా?” అని అడిగాడు.

శిరీష నా ఎదురుగానే నిలబడి ఉంది. ఫోను స్పీకరులో ఉంది. నేను ఫోను ఆమె వైపు జరిపాను. “మేడం చెప్పిందే నా మాట కూడానండి. దయచేసి పెట్టకండి,” అంది ఆమె. “సరే మేడం, ఇగ పెట్ట,” అన్నాడతను. ఫారాలు చింపేశాడట.

దసరా దాటింది. బల్‌రాజ్ రోజూ స్కోరు చూసుకుంటున్నాడు, అంకె కదలడం లేదు. డీలరు బయానా తిరిగి ఇవ్వనని చెప్పాడు. శ్రీను ఆ కంపెనీ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడని పాల్మాకులకు కబురు వచ్చింది. ఆ కబురు చెప్పింది పద్మే. అటు తమ్ముడు, ఇటు మొగుడు. ఆ రోజు ఆమె శాఖలోనే కూర్చుండిపోయింది. శిరీష ఆమె పక్కన కూర్చుని టీ తాగించింది. నేను నా బల్ల దగ్గర కూర్చుని, నా లెక్కలో ఎక్కడైనా పొరపాటు జరిగిందా అని మళ్లీ చూసుకున్నాను. పొరపాటు లేదు, నాకు తెలుసు. ఆ మాట వెళ్లి పద్మతో చెబితే ఆమెకు కాస్త ధైర్యం వచ్చేది. అప్పటికే ఆమె చెయ్యి శిరీష చేతిలో ఉంది. అక్కడ నాకు చోటు లేదనిపించింది.

ఆ వారం చివర్లో అంకె కదిలింది. ఏడు వందల నలభై మూడు. బల్‌రాజ్ ఫోటో తీసి పంపించాడు, శిరీష ఫోనుకు. నేను మళ్లీ నివేదిక తెప్పించి, నోట్‌లో ఖాళీగా ఉన్న చోట ఆ అంకె రాసి, సంతకం చేసి ఆమె ముందు పెట్టాను. ఆమె అదే రోజు మంజూరు చేసింది. దీపావళి వారంలోనే రెండు బస్సులూ వచ్చాయి.

తరువాతి నెల ప్రాంతీయ కార్యాలయంలో జరిగిన సమీక్షలో శిరీష ఈ సంగతి చెప్పింది. తన తప్పు సలహా దగ్గర మొదలుపెట్టి, నేను చూపిన దారి దాకా, ఏమీ దాచకుండా, నా పేరు రెండుసార్లు చెప్పి మరీ చెప్పింది. ప్రాంతీయ మేనేజరు అంతా విని, తప్పును ఒప్పుకుని సిబ్బంది నైపుణ్యాన్ని వాడుకోగల ఇలాంటి మేనేజర్లు మనకు కావాలన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆమె నాకు ఒక్క అన్యాయం చేసి ఉంటే నాకు ఎంత తేలిక అయ్యేదో. ద్వేషించడానికి ఒక కారణం దొరికేది. అలాంటి కారణం ఆమె ఎన్నడూ ఇవ్వలేదు.

ఆ సమీక్షకంటే ముందే, అక్టోబరు చివర్లో, బస్సులు రోడ్డెక్కే ముందు బల్‌రాజ్ వాటిని శాఖ ముందుకు తెచ్చి పూజ చేయించాడు. అద్దాలకు బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. శిరీషను ముందుకు పిలిచి కొబ్బరికాయ కొట్టమన్నాడు. ఆమె నన్ను రమ్మని సైగ చేసింది. “మీరే కొట్టండి మేడం,” అన్నాను. అందరితోపాటు వెనక వరుసలో నిలబడ్డాను.

అందరూ మిఠాయి తింటుండగా పద్మ నా దగ్గరికి వచ్చింది. చేతిలో ఉన్న లడ్డూ నాకిచ్చి, పక్కనే నిలబడింది.

“మేడం, మీరు చెప్పిందే పని చేసింది. మాకు ఎర్కే,” అంది. “మా ఆయనకు గూడ ఎర్కే.”

“మరి నన్నెందుకు అడగరు పద్మా?” అన్నాను. ఆ ప్రశ్న అడగాలని ముందుగా అనుకోలేదు. నోటి నుంచి వచ్చేసింది.

ఆమె కాస్త ఆలోచించింది. “అడగబుద్ధి అయితది మేడం. గానీ మీ దగ్గరికొస్తే, మేం ఏం తప్పు చేసినమో మీకు ముందే తెలిసిపోతది. తెలిసినట్టు మీ మొకంల కనబడ్తది. ఆ మేడం దగ్గర గట్ల అనిపియ్యది.” అని, నాకు కోపం వచ్చిందేమోనని నా చెయ్యి పట్టుకుంది. “ఉన్న మాట చెప్పిన, ఏమనుకోకుండ్రి.”

ఏమీ అనుకోలేదని చెప్పాను.

2024లో నేను అదే స్కేల్ టూలో విరమించాను. శిరీష అంతకు కొన్ని నెలల ముందే పదోన్నతి మీద వెళ్లిపోయింది. బల్‌రాజ్ కాంట్రాక్టు నడుస్తోంది. శ్రీను స్కోరును అతను ఇంకా దాటలేదని విన్నాను.

వాడని కార్డు మూసేయాలా అని ఇప్పటికీ తెలిసినవాళ్లు అడుగుతుంటారు. దానికి ఏటా రుసుము పడుతుంటే, లేదా చేతిలో కార్డు ఉంటే ఖర్చు ఆపుకోలేని స్వభావమైతే మూసేయండి. మూసేముందు బాకీ సున్నా చేసుకుని, మూసినట్టు కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుకు దరఖాస్తు పెట్టబోయే నెలల్లో మాత్రం మూయకండి. మిగిలిన కార్డుల మీద ఎంత వాడుతున్నారో ముందు చూసుకోండి, కార్డు మూశాక ఆ వాడకం పెద్దదిగా కనబడుతుంది. వృత్తిపరంగా ఆ సంఘటన నేర్పింది ఇది. ఇది నాకు అంతకుముందే తెలుసు.

తెలియనిది ఇంకొకటి నేర్పింది. సరైన జవాబు తెలిసి ఉండటం వేరు, ఆ జవాబు కోసం మనుషులు మన దగ్గరికి రావడం వేరు. మొదటిదానికి నేను ముప్పై ఏళ్లు చదివాను. రెండోది కూడా పనిలో భాగమేనని, దాన్నీ నేర్చుకోవాల్సి ఉంటుందని నాకంటే చిన్న మనిషిని చూసి అసూయపడితే గానీ తెలియలేదు. తెలిసేసరికి నా సర్వీసు అయిపోవచ్చింది. అసూయ మాత్రం పూర్తిగా పోలేదు.